మోతి తవ్విన చిక్కుడు గుంతలు

అత్తమ్మా,

ఎట్లున్నావని అడగను. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. మన అత్వెల్లిలో వానలు మొదలై నెల దాటింది. నీకు రెండు సంగతులు చెప్పాలి... రెండూ మంచివి కావు.

నీ చిక్కుడు విత్తనాలు పోయాయి. నువ్వు పెంచిన కుక్క, మోతి కూడా పోయింది.

గింజల మూట నా చేతిలో పెట్టి ఏమన్నావో మరచిపోలేదు. "గివి మా అవ్వ ఇచ్చిన గింజలు బిడ్డా. పోతే మల్ల దొరకయి, జర పైలం." మిరుగు కార్తె తొలి వానకు పెరట్లో ఆరు గుంతలు తీసి, ఉన్నవన్నీ పెట్టేశాను. నాలుగు గింజలైనా ఎందుకు దాచుకోలేదో...

తెల్లవారి చూస్తే గుంతలన్నీ తోడేసి ఉన్నాయి. మోతి మూతి నిండా మట్టి. వాకిట్లో కక్కుకుంది. అందులో నలిగిన గింజలు కనిపిస్తే కడిగి మళ్లీ పెట్టాను. ఒక్కటీ మొలవలేదు.

పక్క మడిలోని బెండ మొక్కలైనా దక్కుతాయని చుట్టూ తుమ్మకంప వేశాను, కారం నీళ్లు చల్లాను. మోతి ఆగలేదు. కట్టేస్తే అన్నం ముట్టకుండా రోజంతా ఏడ్చేది. నీ కొడుక్కి విసుగొచ్చింది. ఒక పొద్దున ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని కీసర దగ్గర వదిలేసి వచ్చాడు. నేను గడపలోనే ఉన్నాను. వద్దనలేదు. నువ్వుంటే ఊరుకునేదానివా?

వారం తర్వాత బీర గింజలు పెడదామని ఆ గుంతల్లో ఒకదాన్ని లోతుగా తవ్వితే వేలికి చేప ముల్లు గుచ్చుకుంది. మొక్కకు బలమని అడుగున చేప తలలు వేసింది నేనే కదా... ఆ వాసనకే తవ్వింది. మోతి మొక్క పీకినప్పుడల్లా నువ్వనేదానివి, "కొట్టకు. ఎందుకు పీకిందో సూడు ముందుగాల." నేను చూడలేదు అత్తమ్మా.

నీ కొడుకుతో చెబితే వెంటనే స్కూటర్ తీశాడు. కీసర గుట్ట కింద, బస్సులు ఆగే చోట, కొత్తగా రాళ్లు పాతిన ప్లాట్ల మధ్య పిలుచుకుంటూ తిరిగాం. చెవి తెగిన ఎర్రకుక్క, మన మోతే, నాలుగు రోజులు రోడ్డు పక్కనే కూర్చుందని, వచ్చే ప్రతి ఆటో వెంట ఉరికేదని చాయ్ హోటలాయన చెప్పాడు. ఆ తర్వాత కనబడలేదట... ఎటు పోయిందో?

ఇప్పుడు గుంతల్లో మాగిన పేడ ఎరువే వేస్తున్నాను. పైన రేకు ముక్క కప్పి రాయి పెడుతున్నాను. ఇక తవ్వడానికి ఎవరున్నారని?

ఆదివారం మళ్లీ కీసర పోతాం. దొరుకుతుందని కాదు... ఇంట్లో కూర్చోలేక.

నీ కోడలు,
సుగుణ