వెచ్చబడని పాదాలకు గడి లేదు

ఎల్ ఆల్టో, విల్యా తీకా పేట.
ప్రాంతీయ ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల సెప్సిస్ (ఒళ్లంతా పాకి ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్) పట్టికలో రెండు మార్కులు రానిదే అంబులెన్సు కదలరాదన్న తమ ఉత్తర్వు రద్దు గురించి, నన్ను వాహనచోరురాలన్న తమ నోటీసుకు జవాబు గురించి.

1. మా పేట హిలారియా తన రెండేళ్ల కూతురు వారాను శాలువాతో వీపున కట్టుకొని నాతో కలిసి ఆరోగ్య కేంద్రానికి వచ్చినది. పిల్లకు జ్వరం లేదు. మగత, రొప్పు. పాదాలు మంచుగడ్డలు. డాక్టరుగారు, "ఇంత ఎత్తులో ఎవరి కాళ్లు వెచ్చగా ఉంటాయమ్మా? నావి పట్టుకు చూడు" అన్నారు.

"మీ కాళ్లు నేను నడుముకి ఆనించుకుని మోసుకురాలేదుగా బాబూ! దీనివి పొద్దుట్నుంచీ నా ఒంటికే అంటుకుని ఉన్నాయి. అయినా వెచ్చబడలేదు" అన్నది హిలారియా.

2. అప్పుడు పట్టిక తీసినారు. రక్తంలో లాక్టేట్ ఆమ్లం? చూసే యంత్రం లేదు: సున్న. ప్లేట్‌లెట్లు? అదీ లేదు: సున్న. మగత? పిలిస్తే కళ్లు తెరిచినది: సున్న. మొత్తం సున్న, కనుక అంబులెన్సుకు సంతకం లేదన్నారు. అనగా యంత్రం లేని చోట జబ్బు కూడా లేదు. ఈ లెక్కన థర్మామీటర్లు కూడా తమరు పట్టుకుపోయినచో మేము చిరంజీవులము.

3. ఆ ప్రమాణాలు జబ్బుకు పేరు పెట్టుటకు, గేటు మూయుటకు కాదు. రాసిన వైద్యులే ఆ మాట చెప్పినారు. వాటిని గేటు దగ్గర కాపలా పెట్టినది తమరు.

4. డ్రైవరు తిబుర్సియో, "అక్కా, డాక్టరుగారి సంతకం లేకుండా బండి తీస్తే నా ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు. "బసీలియా లాక్కుందని చెప్పరా" అని తాళం తీసుకున్నాను. రోజూ మినీబస్సు నడిపేదాన్ని. కొండ దిగుట నాకు కొత్త కాదు. కింద లాపాజ్ ఆసుపత్రిలో రక్తం చూసి, "సెప్టిక్ షాక్. ఇంకాస్త ఆలస్యమైతే..." అని డాక్టరమ్మ ఆగిపోయినది. మిగతా మాట తమరు పూరించుకోగలరు.

చోరీ ఒప్పుకుంటున్నాను. క్షమాపణ లేదు.

కావున చేయని పరీక్షకు సున్న వేయుట మానవలెను. మగత, రొప్పు, వెచ్చబడని పాదాలు ఉన్నచో మార్కులు లెక్కించక బండి కదలవలెను. అంతవరకు తమ ఉత్తర్వు మా పేటలో చెల్లదు.

చిత్తగించవలెను, చిత్తగించకున్నను బండి ఆగదు.

తమ విధేయురాలు, ఈ ఒక్క ఉత్తర్వు విషయంలో తప్ప,
బసీలియా చోకె
పేట సంఘం కార్యదర్శి

తా.క. బండి ఆరోగ్య కేంద్రం ముందే ఉంది. తాళం నా మెడలో ఉంది. పిలిస్తే వచ్చి నడుపుతున్నాను. తాళం కావాలంటే వచ్చి తీసుకోండి. వారా ఇంటికొచ్చింది. దాన్ని మీ వీపున కడతాం. పాదాలు ఎంత వెచ్చగా ఉన్నాయో మీకే తెలుస్తుంది. ఆ వెచ్చదనానికీ మీ పట్టికలో గడి లేదు.