కార్డా, బొమ్మా

మంగళవారం, హనుమకొండ

ఇవాళ చాలా అలసటగా ఉంది. మా గిఫ్టు షాపు కోసం చైనా నుంచి తెప్పించిన గ్రీటింగ్ కార్డులు ఇంకా హైదరాబాద్ కస్టమ్స్‌లోనే ఆగి ఉన్నాయి. ఒక్కో కార్డుతో పాటు కవర్లో చిన్న ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. దాన్ని కార్డు అనాలా, ఆటబొమ్మ అనాలా అన్నది కస్టమ్స్ వాళ్ల ప్రశ్న.

పొద్దున సరుకు విడిపించే ఏజెంట్ ఫోన్ చేశాడు. "అక్కా, కార్డే అసలు, బొమ్మ ఊకెనే పెట్టినం అని లెటర్ రాసియ్యి. బొమ్మనే అసలంటే టాయ్ సర్టిఫికెట్ అడుగుతరు. అది మనకాడ లేదు, మాల్ వాపస్ పోతది."

"జర టైమియ్యి తమ్మీ" అన్నాను.

ఆర్డర్‌కు ముందు వచ్చిన శాంపిల్ ఎదురుగా పెట్టుకుని లెటర్ మొదలుపెట్టాను. అంతలో పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దామె దాన్ని చూసి, మనవరాలికి కావాలని కొనుక్కుంది. బొమ్మను సంచిలో వేసుకుని, "చెల్లె, ఈ కార్డు నీ దగ్గర్నే ఉండనీ" అని కౌంటర్ మీద వదిలి వెళ్లింది. ఇక 'కార్డే అసలు' అని రాయలేక లెటర్ పక్కన పెట్టేశాను.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను, తిడతారేమోనని భయపడుతూనే. ఈ సరుకు ఎంచింది ఆయనే. ఆయన కౌంటర్ మీది కార్డు తీసి చదివారు. చివరికి, "నేను గూడ బొమ్మను జూసే ఆర్డర్ పెట్టిన. కార్డుల ఏం రాసుందో ఇయ్యాల్టిదాక సదవలే" అన్నారు.

రేపు ఏజెంట్‌కు ఫోన్ చేసి, బొమ్మే అసలని రాసిస్తానంటాను. సరుకు వెనక్కి పోతే కొత్త సంవత్సరానికి షాపులో ఏం పెడతామో మాత్రం ఇంకా తెలియదు.