నీ కాళ్ళకు నా అట్టలు

అక్క జక్కమ్మకు విరుదునగరం నుంచి చెల్లెలు సీత మొక్కి రాసుకునేది. ఇక్కడ నేనూ, మా ఆయనా, పాపా క్షేమం. నాగలాపురంలో నువ్వు, బావ, పిల్లలు, అవ్వ ఎలా ఉన్నారో రాయి. ఈసారి మాత్రం 'అందరం బాగున్నాం' అని ఒక్క ముక్కలో తేల్చేయకు. నువ్వు బాగా లేవని నాకు తెలిసిపోయింది.

నిన్న బావ మిరపకాయల మూటలతో ఇక్కడి మండీకి వచ్చాడు కదా. భోజనం వడ్డిస్తూ, "అక్క కాలు ఇప్పుడెట్లుంది బావా, నేను పంపిన బూట్లు నప్పినాయా?" అని అడిగాను. మిరప ధరల మాట ఎత్తాడు. పట్టుబట్టి అడిగితే అప్పుడు చెప్పాడు.

"సెప్పొద్దని మీ అక్క ఒట్టేపిచ్చుకొనింది. ఆ బూట్లేసుకొని పనికి పోతే సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయ మాదిరి వాస్తాది. తీసేయవే అంటే, 'సెల్లి దాని కాళ్ళవి తీసి పంపించింది, తీస్తే దానికి మనసు కష్టమైతాది' అంటాది."

బావను తిట్టకు అక్కా. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టించింది నేనే.

ఇక్కడ నా సంగతి నీకు తెలిసిందే. జౌళి కొట్టులో పొద్దున నిలబడితే దీపాలు ఆర్పేదాకా నిలబడటమే. ఆదివారమూ సెలవు లేదు. ఎండ మన ఊరి ఎండే, కానీ ఇక్కడ వేపచెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్ళు లేరు. మా ఆయన పప్పుమిల్లు నుంచి వస్తూ నూనెలో వేయించిన పరోటా పట్టుకొస్తాడు. తిన్నంతసేపూ బాగుంటుంది, తరువాత సజ్జ సంగటి మీదికి మనసు పోతుంది. నాగలాపురం ఎంత దూరమని బెంగ పెట్టుకున్నావు అని నువ్వు నవ్వుతావు. బస్సుకు దగ్గరే, సెలవుకే దూరం.

ఆ నిలబడటంలోనే నా మడమలు పాడైనాయి. పొద్దున మంచం దిగితే మొదటి అడుగుకే ముల్లు దిగినట్టుండేది. నడుము వంగిపోయింది. అప్పుడే ఇక్కడ పాదాల కొలత చూసే ఆమె దగ్గరికి వెళ్ళాను. నొక్కితే దిగిపోయే మెత్తటి ఫోమ్ పెట్టెలో కాలు దింపించి, పడిన అచ్చును బట్టి బూటులో పెట్టుకునే అట్టలు చేయించి ఇచ్చింది. నాది చదును పాదమట. బరువు లోపలి పక్కకు ఒరిగితే మోకాలూ నడుమూ దాని వెంట పోతాయట. అట్టకు లోపలి పక్క ఎత్తు, అది ఆ ఒరుగును ఆపుతుంది. కొన్ని వారాలకు నొప్పి తగ్గింది, వీపు నిటారుగా నిలిచింది.

ఆ సంతోషంలో ఉండగా నువ్వు ఫోన్లో, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో కాలి నొప్పితో నిలబడి కట్టలు కట్టలేకపోతున్నానని అన్నావు. మనిద్దరిదీ ఒకే సైజు. చిన్నప్పుడు ఒక జత చెప్పులు ఇద్దరం తొడిగిన వాళ్ళం. బూట్లతో సహా అట్టలు బస్సులో పంపించేశాను.

అప్పట్లో అవ్వ ఎంత అరిచేది! "ఒకరి సెప్పుల్లో ఇంగొకరు కాలు పెడితే వాళ్ళ సని మనకు సుట్టుకుంటాది!" మనం నవ్వి పారిపోయేవాళ్ళం. అవ్వతో చెప్పు, ఆమె మాటే గెలిచిందని.

ఈ పొద్దు కొట్టు తెరవకముందే బావను వెంటబెట్టుకుని ఆ పాదాల ఆమె దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "కొట్టులో జాకెట్టు గుడ్డ అమ్మేటప్పుడు నీ ఆది జాకెట్టు ఇచ్చి మీ అక్కకు కుట్టించమంటావా?" అంది. తరువాత, "మీ అక్క తడికాలితో నడిస్తే అడుగు మొత్తం పడుతుందా, నడుమ తెగుతుందా?" అని అడిగింది.

నాకు తెలియలేదు అక్కా. ఒకే చాప మీద పడుకుని పెరిగాం, నాకు తెలియలేదు. బావే చెప్పాడు. "నడుమ నేలే కనపడతాది. మునివేళ్ళ కాడ కొంచెం, మడమ కాడ కొంచెం."

అంటే నీది ఎత్తు వంపు పాదం. నన్ను నిలబెట్టిన అట్టే నిన్ను బయటి పక్కకు తోస్తోంది. వెంటనే తీసెయ్యమంది. వాపు ఉంది కాబట్టి ముందు డాక్టరు చూడాలంది. ఆ తరువాత నీ నడక చూసి, నీకు అట్టలు కావాలో కసరత్తు చాలో చెబుతానంది.

ఒక నిజం చెప్పుకోవాలి. అవి పంపింది ప్రేమతోనే, కానీ అందులో నా సులువు కూడా ఉంది. నిన్ను రప్పిస్తే సెలవు అడగాలి. అడిగితే మేనేజరు మొహం మాడుస్తాడు. అందుకని నేను రావాల్సిన చోటికి నా బూట్లను పంపాను. నువ్వేమో నా మనసు నొవ్వకూడదని నీ మోకాలు నొప్పించుకున్నావు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

అందుకే ఇందాక సెలవు అడిగేశాను. మొహం మాడ్చాడు, మాడ్చనీ. మంగళవారం మొదటి బస్సుకు నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను. అంతవరకూ ఆ బూట్లు తొడగకు. ఫోన్ చేస్తే నవ్వేసి పెట్టేస్తావని, అవ్వ మనకు బూడిదలో దిద్దించిన అక్షరాలతో ఇదంతా రాసి బావ చేతికిస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. వచ్చేటప్పుడు మజ్జిగ మిరపకాయలు కాసిని మూటగట్టుకో. పిల్లలకు నా ముద్దులు. అవ్వను నన్ను దీవించమను, తిట్టాలనుకుంటే తిట్టమను.

పండగ పండగకూ నీ కాళ్ళకు మొక్కుతూనే ఉన్నాను. మొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటాం కదా, ఆ కాళ్ళు ఎలా ఉంటాయో ఒక్కసారీ చూడలేదు. మంగళవారం కళ్ళు తెరిచి మొక్కుతాను, అక్కా.

నీ చెల్లెలు,
సీత