శ్రీచరణ్ గారి హస్తవాసి

విజయవాడ,
3-10-2001.

నాన్నకు,

మల్లేశ్వరి దండాలు. నేను కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. బూత్‌లో వెనక నలుగురు నిలబడి వింటుంటే చెప్పే మాటలు కావివి, అందుకే రాస్తున్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర మా షాపు నువ్వు చూసిందే. ముందు కౌంటరు, వెనక ఆకుపచ్చ తెర, తెర వెనక బల్ల. ఆ బల్ల నాది. జనం పాత కంప్యూటర్లు తెచ్చి, కొత్త హార్డ్ డిస్క్ వేయమంటారు. కంప్యూటరు తనకు తెలిసినదంతా దాచుకునే పెట్టె అది. పాత పెట్టెనూ కొత్త పెట్టెనూ ఒకే కేబులుకు తగిలిస్తాం. తగిలిస్తే సరిపోదు, వాటిలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో కూడా తేల్చాలి. ఒక్కోదాని వెనక సూదుల్లాంటి పిన్నులు, వాటి మీద బియ్యపుగింజంత టోపీ ఉంటుంది. ఆ టోపీ ఒకచోట తొడిగితే పెద్ద, ఇంకోచోట తొడిగితే చిన్న. రెండూ నేనే పెద్దంటే నేనే పెద్దని కూర్చుంటే కంప్యూటరు రెండింటినీ పట్టించుకోదు. అలాంటప్పుడల్లా నువ్వూ పెదనాన్నా వల పంచుకున్న రోజు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకో. ఈ పని నాకు వచ్చినట్టు ఈ రోడ్డులో ఇంకొకరికి రాదు.

కానీ నాన్నా, అది నా పనని ఎవరికీ తెలియదు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి నన్ను చూసి, "ఆడపిల్ల చేత విప్పిస్తున్నారేంటండీ? మా మిషను మాకిచ్చేయండి" అని పట్టుకుపోయాడు. ఆ మర్నాడే మా ఓనరు ఇశ్రాయేలు గారు తెర కట్టించారు. ఆయన చెడ్డవాడు కాదు, బేరాలు పోతాయని భయం. అప్పటినుంచి నేను విప్పి, బిగించి, నడిపించి ఇస్తే, కౌంటర్లో ఉండే శ్రీచరణ్ తీసుకెళ్ళి అప్పగిస్తాడు. "శ్రీచరణ్ గారి హస్తవాసి మంచిదండీ" అంటారు వచ్చినవాళ్ళు. "అయ్యో, ఎంత మాటండీ" అంటాడతను. తెర వెనక నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని పళ్ళు నూరుకుంటాను.

రెండేళ్ళు నూరుకున్నాను, ఇక నా వల్ల కాదు. చాలా కష్టంగా ఉంది నాన్నా. దసరా వెళ్ళాక మానేసి వచ్చేస్తాను, అమ్మతోపాటు రొయ్యలు అమ్ముకుంటాను. బుట్ట మోస్తున్నది ఎవరో జనానికి కనిపిస్తుంది కదా. అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు.

నీ కూతురు,
నాగమల్లేశ్వరి


విజయవాడ,
30-10-2001.

నాన్నకు,

నీ దగ్గరనుంచి జవాబు లేదు. వేటకెళ్ళి సముద్రం మీద ఉండి ఉంటావు. ఈలోపల ఇక్కడ పెద్ద గొడవే జరిగింది.

పామర్రులో శుభలేఖలు వేసే అచ్యుతరామారావు గారని ఒకాయన ఉన్నారు. పండక్కి ముందు ఆయన కంప్యూటరుకు కొత్త డిస్క్ వేశాను. పండగ అయిన మర్నాడే ఆయన మిషను మోసుకుని వచ్చేశారు, వెంట వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారు. "పాతదీ లేదు, కొత్తదీ లేదు, రెండూ కనపట్టం లేదు. నా శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి. కార్తీకంలో పెళ్ళిళ్ళు పెట్టుకుని నన్ను నట్టేట ముంచావు కదయ్యా" అని శ్రీచరణ్ మీద పడ్డారు. షాపు నిండా జనం. అతని ముఖం పాలిపోయింది, అయినా నా పేరు చెప్పలేదు. "చూస్తానండీ" అని మాత్రం అన్నాడు.

నిజం చెప్పనా, మొదట నాకు సంతోషమే వేసింది. పొగడ్తలు తిన్నవాడు తిట్లు కూడా తినాలి కదా. ఊరుకుంటే సరిపోయేది, ఎలాగూ మానేసేదాన్నే. కానీ అది నేను బిగించిన మిషను. బాగున్నప్పుడు నాదని ఏడ్చి, చెడ్డప్పుడు అతనిదని ఎలా ఊరుకుంటాను? తెర తోసుకుని బయటికొచ్చాను.

"ఆయన్నేమీ అనకండి. ఆ డిస్క్ వేసింది నేనండీ" అన్నాను.

ఇశ్రాయేలు గారు తల పట్టుకున్నారు. అచ్యుతరామారావు గారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా?" అన్నారు.

"నేనేనండీ. మీ ముందే ఇప్పుతాను. తప్పు నాదైతే ఇక్కడే ఒప్పుకుంటాను."

కౌంటరు మీదే విప్పాను. లోపల కొత్త డిస్క్ పెళ్ళికూతురిలా ఉంది, ఒళ్ళంతా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. పసుపు ముద్ద జారి పిన్నుల మధ్య గట్టిపడింది. టోపీ ఊడి అడుగున పడి ఉంది.

"ఆయుధపూజకి నేనే పెట్టానమ్మా" అన్నారు సంపూర్ణమ్మ గారు. "వేడెక్కుద్దని మావాడు పక్క రేకు తీసే ఉంచుతాడు. కొత్తగా కొన్నది లోపలుంటే పైరేక్కి బొట్టు పెట్టి ఏం లాభం? అందుకని శుభ్రంగా తడిగుడ్డతో తుడిచి పెట్టా."

"మా అమ్మయినా అదే చేస్తుందండీ" అన్నాను. స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో ఒక్కొక్క పిన్నూ తోమి, ఆరబెట్టి, టోపీ తొడిగి, కేబులు తగిలించాను. స్విచ్ వేస్తే పెద్దదీ చిన్నదీ రెండూ మానిటరు మీద పలికాయి. ఒక్క శుభలేఖ కూడా పోలేదు.

"నీ పేరేంటమ్మా?" అన్నారాయన. ఆ షాపులో నా పేరు పైకి చెప్పుకోవడం అదే మొదలు. చెబుతుంటే ఎంత గర్వంగా ఉందో, నీ దగ్గర దాచను. ఆ సాయంత్రం ఇశ్రాయేలు గారే స్టూలెక్కి ఆకుపచ్చ గుడ్డ పీకేశారు. "అమ్మయ్య, ఇక మీ తిట్లు మీరే తినండి" అన్నాడు శ్రీచరణ్.

అయితే అందరూ అచ్యుతరామారావు గారిలాంటివాళ్ళు కాదు. నిన్న ఇద్దరు నన్ను బల్ల దగ్గర చూసి, మిషను దించకుండానే పక్కషాపుకు వెళ్ళిపోయారు. ఇశ్రాయేలు గారు వాళ్ళు వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయారు. ఉండాలో రావాలో తేల్చుకోలేకుండా ఉన్నాను. నువ్వు చెప్పు.

నీ
మల్లేశ్వరి


గిలకలదిండి, బందరు,
6-11-2001.

మల్లేశ్వరికి నాన్న ఆశీస్సులు.

వేట నుంచి వచ్చి రెండు ఉత్తరాలూ ఒక్కసారే చదివాను. అమ్మకు చెప్పొద్దన్నావు. ఇంత సంగతి కడుపులో పెట్టుకోవడం నా వల్ల కాలేదు. "రొయ్యలమ్మటానికి నేను చచ్చానా? దాన్ని అక్కడే ఉండమను" అన్నది. మీ పెదనాన్నకూ చదివి వినిపించాను. వల సంగతికి బాగా నవ్వి, పెద్ద మాత్రం నేనేనని రాయమన్నాడు.

మెచ్చుకునేటప్పుడు ఎవరైనా ముందుకొస్తారు. నా కూతురు తిట్టేటప్పుడు ముందుకొచ్చింది. హార్బర్లో కనపడిన ప్రతివాడికీ చెబుతున్నాను, నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు.

నువ్వు రావద్దు, నేనే వస్తున్నాను. మన మత్స్యకారుల సంఘం ఆఫీసు కంప్యూటరు నిండిపోయింది, ఇంకో డిస్క్ వేయించాలంటున్నారు. బందర్లోనే వేయిద్దామన్నారు, నేను పడనివ్వలేదు. సోమవారం దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెస్తాను.

మీ కౌంటరు దగ్గర నిలబడి, షాపంతా వినపడేట్టు, "నాగమల్లేశ్వరి గారున్నారా అండీ? ఆవిడైతేనే మిషను ఇస్తాను" అని అడుగుతాను. నువ్వు నాన్నా అంటూ పరిగెత్తుకు రాకు. చేతిలో పని ఉంటే, "కూర్చోండి, పిలుస్తాను" అను. ఎంతసేపయినా కూర్చుంటాను.

మీ నాన్న,
నాగులు