బోర్డు మీద చివరి పేరు

ఫిల్మ్ నగర్,
జూన్ 3.

ఉదయ టెన్నిస్ మిత్రమండలి కార్యదర్శి డాక్టర్ హిమజ గారికి కాశీవిశ్వనాథం నమస్కరించి రాయునది.

వాట్సాప్‌లో నేను ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. అందుకని పెన్నుతో రాసి, మన కోర్టు చూసుకునే ఓదెలు చేత పంపుతున్నాను.

క్లబ్బులో చేరి వారమైనా కాలేదు. ఈ ఉదయం గోడ మీద 'ఛాలెంజ్ లాడర్' అని మీరు పెట్టించిన బోర్డు చూశాను. ఇరవై రెండు పేర్లు. అన్నిటికన్నా చివర నాది. కాసేపు అక్కడే నిలబడిపోయాను. పద్నాలుగు సినిమాలు తీసినవాణ్ణి. హీరో పేరు ముందు పడుతుంది, తర్వాత అందరి పేర్లూ పడతాయి, చివరి కార్డు మాత్రం దర్శకుడిది. ఆ మర్యాద తెలిసినవాళ్ళు ఇండస్ట్రీలోనే తగ్గిపోతున్న రోజుల్లో, పళ్ళ డాక్టరైన మీకు తెలియడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. పదకొండేళ్ళ తర్వాత నా పేరు నా చోట చూసుకున్నాను.

మీ మేలు మరవని
కాశీవిశ్వనాథం

తా.క.: అక్షరాలు కాస్త చిన్నవయ్యాయి. చివరి కార్డు పెద్దదిగా వేయడం ఆనవాయితీ.

* * *

యూసుఫ్‌గూడ,
జూన్ 4.

పెద్దలు కాశీవిశ్వనాథం గారికి హిమజ నమస్కారాలు.

మీ ఉత్తరంలోని ఎత్తిపొడుపు అర్థమైంది సార్. దయచేసి మనసులో పెట్టుకోకండి. ఆ చోటు మీకు శాశ్వతం కాదు. మీ పైనున్న మూడు పేర్లలో ఎవరినైనా మీరు ఛాలెంజ్ చేయవచ్చు. వాళ్ళు పది రోజుల్లో మీతో ఒక సెట్ ఆడాలి, లేదంటే ఓడినట్టే లెక్క. మీరు గెలిస్తే వాళ్ళ చోటు మీది. వాళ్ళూ, మధ్యలో ఉన్నవాళ్ళూ ఒక్కో నంబరు దిగుతారు. ఓడితే ఎవరి చోటు వాళ్ళదే. నెల తిరిగేసరికి మీరు అక్కడి నుంచి బయటపడతారు, పూచీ నాది.

మీ కోపం తగ్గాలని కోరుతూ,
హిమజ

తా.క.: అక్షరాలు చిన్నవి వేయించింది మీ పేరు ఎక్కువమంది కంట పడకూడదనే సార్.

* * *

ఫిల్మ్ నగర్,
జూన్ 7.

డాక్టర్ హిమజ గారికి,

మీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. నేనెందుకు బయటపడాలి? నా పేరు ఎవరి కంటా పడకూడనంత పాపం ఏం చేశాను? నేను ఎవరినీ ఛాలెంజ్ చేయను. నా కింద ఎవరూ లేరు కనుక నన్ను ఛాలెంజ్ చేసేవాళ్ళూ లేరు, హాయిగా ఉంది అనుకున్నాను.

ఇంతలో ఈ ఉదయం చూద్దును కదా, నా పేరు కింద ఇరవై మూడో నంబరు. నిహారిక అట. నా సినిమాల్లో పెట్టుబడి పెట్టినవాడి పేరు కూడా నా తర్వాత పడలేదు. ఎవరీ అమ్మాయి అని ఓదెలును అడిగితే, "కొత్తగ చేరింది సార్. సీరియళ్ళల్ల చేస్తదంట. మీతోనే ఆడతా అని చిట్టీ గూడ రాసిచ్చింది" అన్నాడు.

ఒక్క సంగతి తేల్చి చెప్పండి. ఆ అమ్మాయి చేతిలో నేను ఓడిపోతే చివరి చోటు మళ్ళీ నాకు వస్తుందా, రాదా?

ఆందోళనతో,
కాశీవిశ్వనాథం

తా.క.: వస్తుందంటే ఆట ఇరవై నిమిషాల్లో ముగించగలను.

* * *

యూసుఫ్‌గూడ,
జూన్ 8.

కాశీవిశ్వనాథం గారికి నమస్కారాలు.

ఓడితే మీరు ఇరవై మూడుకు వెళ్తారు, ఆ అమ్మాయి ఇరవై రెండుకు వస్తుంది. కానీ ఆడకముందే ఇంత భయపడతారేమిటి సార్? ఆమె రాకెట్ కొని పది రోజులు కూడా కాలేదు. కాస్త ధైర్యంగా ఉండండి.

మీ గెలుపు కోరే
హిమజ

తా.క.: కోర్టు పక్కన నిలబడి మీకు చప్పట్లు కొట్టమని ఓదెలుకు గట్టిగా చెప్పాను.

* * *

ఫిల్మ్ నగర్,
జూన్ 12.

డాక్టర్ హిమజ గారికి,

ఘోరం జరిగింది. గెలిచాను.

నా ప్రయత్నంలో లోపం లేదు. నా సర్వీసు వచ్చినప్పుడల్లా బంతిని తీసుకెళ్ళి నెట్‌లో కొట్టాను, గేమ్ ఆ అమ్మాయికి పోయింది. ఆమె సర్వీసులో ప్రతి బంతీ కంచె దాటింది, గేమ్ నాకొచ్చింది. అలా ఆరు–ఆరు. ఓదెలు చప్పట్లు ఆపేసి, "సార్, మీరిద్దరు గెలుపు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నరు గానీ ఎవ్వరు తీస్కుంటలేరు" అన్నాడు. టై బ్రేకర్ పద్దెనిమిది–పదిహేడు దాకా సాగింది. అప్పుడు నేను బయటకని కొట్టిన సర్వీసు గాలికి వంగి గీత మీద పడింది. పంతొమ్మిది–పదిహేడు. నా జీవితంలో అంత మంచి సర్వీసు ఎప్పుడూ చేయలేదు, అవసరమైనప్పుడూ చేయలేదు.

ఆట కాగానే ఆ అమ్మాయి వచ్చి కాళ్ళకు దండం పెట్టి, చిన్న వేషమైనా ఇప్పించమంది. దర్శకుడి మీద గెలిస్తే వేషం రాదని ఎవరో చెప్పారట, అందుకని ఓడిపోవడానికి నాకన్నా ఎక్కువ కష్టపడింది. బాగా నటించింది, అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు నా చివరి కార్డు ఆ అమ్మాయి దగ్గర ఉండిపోయింది. ఏదైనా దారి చూపండి.

దిక్కుతోచని
కాశీవిశ్వనాథం

తా.క.: ఓటమికి అప్పీలు ఉంటుందని విన్నాను. గెలుపుకు ఉందా?

* * *

యూసుఫ్‌గూడ,
జూన్ 13.

కాశీవిశ్వనాథం గారికి,

మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. పేషెంటు నోరు తెరుచుకుని పది నిమిషాలు అలాగే ఉండిపోయాడు. తప్పు నాది సార్, మొదటి రోజే చెప్పాల్సింది. నాకు సినిమా టైటిల్స్ సంగతి తెలియదు. లాడర్ అంటే నిచ్చెన. అందరికన్నా బాగా ఆడేవాళ్ళు పైన, ఒకటో నంబరులో ఉంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా అట్టడుగున చేరతారు. మీ పేరు అక్కడ ఉన్నది అందుకే.

మీరు గెలిచారు సార్. అది మంచి వార్త.

క్షమించమని వేడుకుంటూ,
హిమజ

తా.క.: మీకు అందే దూరంలో, పంతొమ్మిదో నంబరులో నిర్మాత వెంకటేశ్వరరావు గారు ఉన్నారు. మీకు పరిచయస్తులేనేమో.

* * *

ఫిల్మ్ నగర్,
జూన్ 18.

అమ్మా హిమజా,

ఐదు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. సిగ్గేసింది. నువ్వు నా పేరు చివర వేసింది గౌరవమనుకుని ఆ బోర్డును ఫోటో తీసి చుట్టాలందరికీ పంపుకున్నాను. పదకొండేళ్ళుగా ఎవరూ ఎక్కడా పేరు వేయని మనిషికి ఎక్కడ కనిపించినా ముద్దే. బాధగా ఉందమ్మా, దాచను.

వెంకటేశ్వరరావు పరిచయస్తుడేమిటి, నా చివరి సినిమాకు నిర్మాత. షూటింగు సగంలో "గురువుగారూ, మీరు అలసిపోయారండీ, రెస్టు తీసుకోండి" అని నన్ను ఇంటికి పంపి, దర్శకుడిగా తన బావమరిది పేరు వేసుకున్నాడు. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. నేను అలసిపోయానని అందరూ నమ్మారు. కొన్నాళ్ళకు నేనూ నమ్మాను.

మద్రాసులో ఉన్న రోజుల్లో పదిహేనేళ్ళు పొద్దున్నే టెన్నిస్ ఆడాకే సెట్‌కు వెళ్ళేవాణ్ణి. పంతొమ్మిదో నంబరును ఛాలెంజ్ చేస్తున్నాను. ఈ ఉత్తరాన్నే చిట్టీ అనుకో.

కాశీవిశ్వనాథం

తా.క.: ఈసారి ఓదెలును చప్పట్లు కొట్టమను.

* * *

ఫిల్మ్ నగర్,
జూన్ 25.

అమ్మా హిమజా,

ఏడు–ఐదు. గెలిచింది నేను.

ముందు అతను ఓదెలుతో కబురు పంపాడు, "పెద్దాయన కదా పాపం, ఆడకుండానే నా నంబరు ఇచ్చేస్తాను" అని. అలా వచ్చేది నాకొద్దు, రాకెట్ పట్టుకుని రమ్మన్నాను. వచ్చాడు. నాకన్నా ఏడేళ్ళు చిన్న, బంతి బలంగా కొడతాడు. మొదటి నాలుగు గేములూ పోగొట్టుకున్నాను. తర్వాత కనిపెట్టాను, అతను ముందుకు పరిగెత్తలేడు. నెట్ దగ్గర బంతిని పడేసి పడేసి వదిలాను. ఐదు–ఐదు దగ్గర నడుం పట్టుకుని నిలబడి ఆయాసపడుతుంటే నేనే అడిగాను, "అలసిపోయారా, రెస్టు తీసుకుంటారా?" అని. ఆ మాట పదకొండేళ్ళు మోసుకు తిరిగాను తల్లీ, అక్కడ దించేశాను. ఓదెలు ఈల వేశాడు. "సార్, ఏం కొట్టుడు కొట్టిన్రు" అని కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

అసలు సంగతి వినమ్మా. చేయి కలుపుతూ వెంకటేశ్వరరావు అన్నాడు కదా, "గురువుగారూ, మీలో ఇంకా ఇంత ఉందని అనుకోలేదండీ. ఈ ఆదివారం ముహూర్తం బాగుంది, ఆఫీసుకు వస్తే మన సినిమా మొదలెడదాం" అని. పదకొండేళ్ళు ఫోను పక్కన కూర్చుని ఎదురుచూసిన మాట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోట్లోంచి వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? "ఆదివారం నాకు డేట్లు లేవు. సోమవారం మీరే మా ఇంటికి రండి." వస్తానన్నాడు. నిహారికకు వేషం ఉంటేనే మాట్లాడదామన్నాను, దానికీ తలూపాడు.

పంతొమ్మిదో నంబరు
కాశీవిశ్వనాథం

తా.క.: ఆదివారం డేట్లు ఎందుకు లేవంటావేమో. ఇప్పుడు నాకు పదహారో నంబరు దాకా ఛాలెంజ్ చేసే హక్కు వచ్చింది. ఆ పేరు ఎవరిదా అని బోర్డు దగ్గరికి వెళ్ళి చూస్తే నీది. పొద్దున ఆరింటికి కోర్టులో ఉంటాను, పేషెంట్లను పెట్టుకోకు.