వంతెన మీద చదివిన పేరు

1996 జూన్ 22. దోహా

రెహానా చెయ్యి కాలింది.

కాలింది అని రాస్తే అబద్ధం. మేడమ్ కాల్చింది. తను బయటికి వేసుకునే అబాయా మీద ఇస్త్రీ మచ్చ పడిందని ఆ పెట్టెనే తీసి రెహానా మోచేతి కింద ఆనించింది. నేను పక్క గదిలో ముసలమ్మ యుమ్మాకు ఇన్సులిన్ వేస్తున్నాను. అరుపు వినపడలేదు. వాసన వచ్చింది.

ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టాను. సర్‌తో చెబుదామా అని అడిగాను. "చెప్పి ఏం జేస్తాం అక్కా. ఆయప్ప ఇంట్లో ఉండేదే తక్కువ," అంది. ఏడవలేదు. రాయచోటి మనిషి. ఈ అల్ సద్ పేట ఇంట్లో వంటా క్లీనింగూ అన్నీ తనవే. నేను మాత్రం రాజోలు నుంచి నర్సు వీసా మీద వచ్చాను. సర్ వాళ్ళ అమ్మను చూసుకోవడం ఒక్కటే నా డ్యూటీ. అందుకే నా మీద చెయ్యి పడదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

జూన్ 30

ఫ్రాన్స్ వెళ్తున్నామట. సర్ స్నేహితుడికి అక్కడ ఒక పల్లెటూళ్ళో ఇల్లుంది. యుమ్మాకు చల్లటి గాలి మంచిదని డాక్టర్ చెప్పాడు. నేనూ రెహానా కూడా వెళ్ళాలి.

వీసాలు పడి పాస్‌పోర్టులు వచ్చాయి. నాది దూరం నుంచి చూశాను. మేడమ్ అన్నిటినీ ఒక తోలు సంచిలో పెట్టి యుమ్మా ఒళ్ళో ఉంచింది. ముసలమ్మ ఒళ్ళోంచి ఎవరు తీస్తారు అని నవ్వింది.

యుమ్మా అంటే అమ్మ. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అంతే. షుగర్‌తో చూపు పోయింది, కాళ్ళలో బలం లేదు. నోరు మాత్రం గట్టిది. అరబ్బీలో ప లేదు కాబట్టి నేను ఆవిడకు బుష్పాను.

జులై 7. ఫ్రాన్స్

ఊరి పేరు బోర్డు మీద చదివితే ఒకటి, వాళ్ళు పలికేది ఒకటి. చిన్న ఊరు. రాతి ఇళ్ళు, చుట్టూ పొద్దుతిరుగుడు చేలు. మధ్యాహ్నం తలుపులన్నీ మూసేస్తారు, మనిషి అలికిడి ఉండదు. గాలి మాత్రం హాయి. యుమ్మా గుక్కలు గుక్కలుగా పీలుస్తోంది.

సర్ పారిస్ వెళ్ళిపోయాడు. పనులట.

జులై 11

కోట చూశాం. కొండ మీద, సగం కూలిపోయింది. చక్రాల కుర్చీని నేనూ రెహానా మోసినట్టే తోశాం.

యుమ్మా చూడలేదు కదా, అన్నీ నేనే చెప్పాలి. "యల్లా బుష్పా, ఏముంది అక్కడ?" నా అరబ్బీ వంటింటి అరబ్బీ. కోటను ఏమనాలో తెలియక "పెద్ద ఇల్లు, పాడైపోయింది" అన్నాను. పకపకా నవ్వింది. గోడ తడమాలంది. చాలాసేపు చెయ్యి ఆనించి ఉంచింది. వక్రా ఊళ్ళో వాళ్ళ నాన్న కట్టిన ఇంటి గోడలు సముద్రపు రాయివట, చేతికి గరుకుగా తగిలేవట. ఇది నున్నగా ఉందని, తనకు నచ్చలేదని చెప్పింది.

లోపల ఒక గొయ్యి ఉంది. ఖైదీలను అందులోకి దించి వదిలేసేవారట. మెట్లు లేవు. గైడ్ ఇంగ్లిష్‌లో చెప్పింది నేను తెలుగులో రెహానాకు చెప్పాను. ఆమె కడ్డీలు పట్టుకుని వంగి చూస్తూ ఉండిపోయింది. మేడమ్ రెండుసార్లు పిలిచినా కదలలేదు. మూడోసారి కట్టు ఉన్న చెయ్యే పట్టి లాగింది.

జులై 14

వాళ్ళ దేశం పండగట, ఊళ్ళో బాణసంచా. యుమ్మా యుద్ధమా అని అడిగింది.

జులై 18

వాగు పక్కన పాతకాలపు బట్టలుతికే చోటు చూశాం. పైన పెంకులు, కింద నీళ్ళు, చుట్టూ ఏటవాలు బండలు. ఆ బండలు వంగి ఉతికీ ఉతికీ అరిగిపోయాయి. "ఈడ గూడా ఆడోళ్ళే ఉతికినారా అక్కా?" అంది రెహానా. తరువాత నీళ్ళకేసి చూస్తూ, మామూలుగా చెప్పింది. "నేను తిరిగి రాను. ఈడనే యాడన్నా పోతా. దోహాకు పోతే ఈసారి మొగం కాలుస్తాది."

పాస్‌పోర్ట్ లేకుండా ఎక్కడికి పోతావన్నాను. భాష రాదు, మనిషి తెలీదు. పోలీసులు పట్టుకుంటారన్నాను. "పట్టుకోనీ. వాళ్ళు ఇస్త్రీ పెట్టె పెట్టరు గదా."



జులై 23

ఇవాళ పాత మఠం. ఒకప్పుడు సన్యాసులు ఉండేవారట. మేడమ్ పైన గంట గోపురం ఎక్కడానికి వెళ్ళింది. మేం ముగ్గురం స్తంభాల నీడలో ఉన్నాం.

రెహానా నీళ్ళ గ్లాసు అందిస్తుంటే యుమ్మా ఆ చెయ్యి పట్టేసుకుంది. మందు వాసన ఇన్నాళ్ళుగా వస్తోంది, ఎవరిది అంది. వేళ్ళతో కట్టంతా తడిమింది. ఇస్త్రీ పెట్టె మొన ఆకారం ఆవిడకు అందినట్టుంది. ఎవరు అని అడిగింది. మేమిద్దరం మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే జవాబు.

"నా ఇంట్లోనా?" అంది.

 తరువాత ఆ రోజంతా రొట్టె ముట్టలేదు. షుగర్ పడిపోతుందని బతిమాలి తేనె నాకించాను.

జులై 26

 ఇవాళ్టిది రాసి తీరాలి.

పక్క ఊళ్ళో సంత. మేడమ్ సంతలోకి వెళ్ళింది. యుమ్మా తనకు పాత వంతెన చూడాలంది. రాతి వంతెన, కింద ఏరు, అవతలి కొసన బస్సులు ఆగే చోటు. వంతెన మధ్యలో కుర్చీ ఆపమంది. ఒళ్ళో సంచి తెరిచింది. పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తడిమి, "బుష్పా, వీటిలో రెహానాది ఏది? చదువు," అంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు.  అర్థమయ్యాక, యుమ్మా వద్దు అన్నాను. చదువు అంది.

పేరు చదివి నేనే తీసిచ్చాను.

చేతి బంగారు గాజు ఒకటి తీయబోయింది. వాచిన చేతులు, రాలేదు. నేనే లోషన్ రాసి జార్చాను. పాస్‌పోర్టూ గాజూ రెహానా చేతిలో పెట్టి, "ఇంక వెళ్ళు, ఖలాస్," అంది. రెహానా వంగి ఆవిడ పాదాలకు మొహం ఆనించింది. నా వైపు తిరిగి, "నువ్వు గూడా రా అక్కా," అంది. యుమ్మాకు తెలుగు రాదు, కానీ తెలిసిపోయింది. నీది కూడా తీసుకో అని సంచి నా వైపు జరిపింది.

నేను తీసుకోలేదు. ఏమీ చూడలేని మనిషిని వంతెన మీద కుర్చీలో ఒంటరిగా ఎలా వదిలేస్తాను? ఇది నిజమే. నాకు ధైర్యం లేదు, అదీ నిజమే. ఏది పెద్దదో నాకు తెలీదు.

బస్సు వచ్చింది. రెహానా వెనక్కి చూడకుండా ఎక్కింది. యుమ్మా "ఏం కనపడుతోంది?" అని అడుగుతూనే ఉంది. బస్సు పోయింది అని చెప్పాను. దుమ్ము కూడా పోయేదాకా చెప్పమంది.

జులై 27

ఇల్లంతా గోల. రెహానా తప్పిపోయిందని ముందు అనుకున్నారు. తరువాత యుమ్మా ఒళ్ళోని సంచిని మేడమ్ వెతికింది. యుమ్మా చేతికి గాజు కూడా లేదని చూసింది. నన్ను గోడకు ఆనించి అడిగింది. నాకు తెలీదన్నాను. యుమ్మా గట్టిగా, ఆ సంగతి నా కొడుకుతోనే మాట్లాడతాను అంది. మేడమ్ నోరు మూసింది.

సర్ రేపు పారిస్ నుంచి వస్తాడు. పడుకోబెట్టేటప్పుడు యుమ్మా నా బుగ్గ తట్టింది. భయపడకు, ఇచ్చింది నేను, చెప్పేదీ నేనే అంది.

జులై 28

పొద్దున లేపబోతే నోరు ఒక పక్కకు పోయి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. స్ట్రోక్. మాట లేదు.

సర్ హాస్పిటల్‌కే నేరుగా వచ్చాడు. యుమ్మా అతని గొంతు గుర్తుపట్టి నోరు తెరిచింది. గాలి వచ్చింది, అంతే.

ఆగస్టు 10. దోహా

యుమ్మాను స్ట్రెచర్ మీద తెచ్చాం. మళ్ళీ ఈ వేడి.

మేడమ్ పోలీసులను పిలుస్తానంటోంది. సర్‌కు జరిగిందంతా చెప్పాను. వంతెన, సంచి, లోషన్, దేన్నీ దాచలేదు. మాట పోయిన మనిషి మీద నేరం తోస్తున్నానని మేడమ్ అంది.  సర్ మాత్రం, కొత్త నర్సు దొరికేదాకా ఈమెను ఉండనీ అన్నాడట.

ఆగస్టు 25

యుమ్మాకు నా చేతి ముద్దే దిగుతుంది. ఎవరు పెట్టినా పళ్ళు బిగిస్తుంది.

సెప్టెంబర్ 3

డ్రైవర్ ఇమామ్‌దీ రాయచోటి వైపే. వంటింటి తలుపు దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు. "వాళ్ళమ్మకు ఫోన్ జేసిందంట అక్కా. బతికే ఉండాది. ఏ ఊరో జెప్పలేదంట."

సంతోషం కలిగింది. తరువాత కోపం వచ్చింది. కోపమే ఎక్కువసేపు ఉంది.

సెప్టెంబర్ 9

కొత్త నర్సు వచ్చింది. కేరళ అమ్మాయి, నెమ్మదస్తురాలు. యుమ్మాను ఏ పక్కకు తిప్పాలో, మాత్ర ఎలా నూరాలో, ఎడమ చేతి బొటనవేలు ఎటు వంచితే నొప్పో అన్నీ నేర్పమన్నారు. నేర్పుతున్నాను. ఆమె త్వరగా నేర్చుకుంటోంది. ఆమె ఏదైనా మరిచిపోతే బాగుండని అనిపిస్తోంది.

సెప్టెంబర్ 16

ఇవాళ సర్ యుమ్మా గదిలోకి వచ్చాడు. వెనకే మేడమ్. నన్ను మంచం పక్కన నిలబెట్టారు. సర్ నేల మీద కూర్చుని తల్లి మొహానికి మొహం దగ్గర పెట్టి అడిగాడు. పాస్‌పోర్ట్, గాజు నువ్వు ఇచ్చావా, ఈమె తీసిందా? ఇచ్చి ఉంటే చెయ్యి ఎత్తు అన్నాడు.

యుమ్మా ఎడమ చెయ్యి కదిలింది. దుప్పటి మీద పాకుతూ వచ్చింది. నా మణికట్టు వెతికి పట్టుకుంది. గట్టిగా. అంత బలం ఇంకా ఉందని నాకు తెలీదు.

"చూశావా, దొంగను పట్టిచ్చింది," అంది మేడమ్.

కాదు అన్నాను. అరబ్బీలో అన్నాను, ఇంగ్లిష్‌లో అన్నాను, చివరికి తెలుగులో అన్నాను. యుమ్మా కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. సర్ వాటిని చూశాడు. చూశాడని నాకు తెలుసు. లేచి, తల తిప్పుకుని, ఫోన్ దగ్గరకు వెళ్ళాడు.

పోలీసులు వచ్చేదాకా ఆవిడ వదల్లేదు. వాళ్ళు వచ్చాక కూడా వదల్లేదు. మేడమ్ లాగబోయింది, కొత్త నర్సు భయపడి వెనక్కి తగ్గింది. లాగొద్దని నేనే అన్నాను. ఆ బొటనవేలు ఎటు వంచితే నొప్పో వాళ్ళకు తెలీదు. ఒక్కో వేలు నేనే విడదీశాను.

సెప్టెంబర్ 29. డిపోర్టేషన్ జైలు, ఇంటికి పంపేదాకా

పక్క చాపామె గౌరవ్వ, నిజామాబాద్ వైపు. ఖతర్ గాకుండ ఇంకేం దేశం సూసినవక్కా అని అడిగింది. ఏదీ చూడలేదన్నాను. గింతదూరం వచ్చి గిదొక్కటేనా అని జాలిపడింది.