సలాడ్‌లో ఏం తక్కువైంది?

వంటల పేజీ రాసే అమ్మగారికి నమస్కారం.

నేను మీ పాఠకురాలిని కాదు, మీ పాఠకురాలి తల్లిని. చదువు తక్కువ, కూడబలుక్కుని రాస్తున్నాను. మా అమ్మాయి మీ పేజీ చూసి పళ్లూ గింజలూ కలిపి సలాడ్ చేసేది. ఆపిల్, ద్రాక్ష, అక్రోట్లు, జీడిపప్పు, పైన గట్టి పెరుగు, తేనె. మొన్న చలికాలంలో అమ్మాయి పోయింది. వాళ్లింట్లో నేనే వండిపెడుతున్నాను. మనవరాలు అన్నీ తింటుంది గానీ ఆ సలాడ్ మాత్రం ఒక్క చెంచా తిని గిన్నె నెట్టేస్తుంది. “ఇది అమ్మది కాదు” అంటుంది. మీ పేజీ ఎదురుగా పెట్టుకునే చేస్తున్నాను. ఏం తక్కువైందో చెప్పండి తల్లీ.

ఇట్లు,
చెయ్యి కుదరని అమ్మమ్మ

తా.క. పెరుగు ఇంట్లో తోడు పెట్టిందే. దాని మీద అనుమానం పెట్టుకోకండి.

*

పాఠకురాలి తల్లిగారికి,

మీ ఫిర్యాదు అందింది. మా సలాడ్ తిని మీ అమ్మాయి మరణించడం విచారకరం. అయితే అచ్చు వేయడానికి ముందు దానిని మా కార్యాలయంలో అందరూ రుచి చూశారు. అందరమూ క్షేమం. మిగిలిన అక్రోట్లను పారవేయక భద్రపరచగలరు.

భవదీయులు,
వంటల విభాగం

తా.క. సంపాదకులు ఆ రోజు సెలవు పెట్టినందున రుచి చూడలేదు. వారు కూడా క్షేమమే.

*

వంటల విభాగం వారికి,

అయ్యో, సలాడ్ ఏం పాపం చేసింది నాయనా. మా అమ్మాయి గుండెజబ్బుతో పోయింది. పిల్ల తినడం లేదనే నా బాధ. వాళ్లమ్మ చేసిపెట్టినది ఒక్కటైనా నా చేత్తో దాని నోట్లోకి వెళ్లాలని ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. అక్రోట్లు పిల్ల జేబులో పోసుకుని బడికి పట్టుకుపోయింది. విడిగా అయితే తింటుంది.

*

అమ్మమ్మగారికి,

మా సలాడ్ నిర్దోషి అని రాతపూర్వకంగా తెలిపినందుకు కృతజ్ఞతలు. మీ లేఖను ‘పాఠకుల మెప్పు’ శీర్షికలో, మీ అమ్మాయి ఫొటోతో ప్రచురిస్తాము. ఇక రుచి విషయం. ఆపిల్ ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం పిండండి. గింజలు వేయించండి. అన్నీ వడ్డించే ముందే కలపండి. ఇక తప్పు జరిగే అవకాశమే లేదు.

భవదీయులు,
వంటల విభాగం

తా.క. మీ అమ్మాయిగారి చందా గడువు ముగిసింది. ఆమె స్వయంగా వచ్చి కొనసాగించుకుంటే ఒక గరిట బహుమతి.

*

వంటల విభాగం వారికి,

మా అమ్మాయి ఇక రాదు. గరిట మీరే వాడుకోండి. ఫొటో వేయకండి.

మీరు చెప్పినవన్నీ చేశాను. ఈసారి పిల్ల వాసన చూసే నెట్టేసింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, “ఏం తక్కువైందే?” అని అడిగాను.

“ఏం తక్కువ కాలేదు అమ్మమ్మా. నీది బాగుంది. అమ్మది బాగుండేది కాదు. ఆపిల్ నల్లగా అయిపోయేది, అక్రోట్లు నాని మెత్తగా ఉండేవి. నేనూ నాన్నా అమ్మకి చెప్పలేదు.”

అప్పుడు వెలిగింది నాకు. మా అమ్మాయికి తీరికేదీ? పొద్దున్నే అన్నీ కోసి, కలిపేసి, పనికి పరుగెత్తేది. వీళ్లు తినేది సాయంత్రం.

ఇవాళ పొద్దున్నే కోసి కలిపి బల్ల మీద పెట్టేశాను. అల్లుడు తొంగి చూసి, “అత్తయ్యా, పాడైపోతున్నాయండీ” అన్నాడు. “పాడవనీ బాబూ” అన్నాను. ఆ గిన్నె పక్కనే కూర్చుని మీకిది రాస్తున్నాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఉత్తరం మడిచేలోగా పిల్ల బడి నుంచి వచ్చేసింది. గిన్నె ఊడ్చేసి, “అస్సలు బాలేదు అమ్మమ్మా, ఇంకొంచెం వెయ్యి” అంది.